జైలు గేటు దగ్గర ఆగిపోతున్న వైద్యం

వేసవి సెలవులు దగ్గర పడేసరికి ప్రతి ఏడాదీ నా దగ్గరకు విద్యార్థినులు వస్తారు. సోషియాలజీ, సోషల్ వర్క్, పబ్లిక్ హెల్త్ చదివేవాళ్ళు. ఇంటర్న్‌షిప్ కోసం ఏదైనా సంస్థకు ఉత్తరం రాసిమ్మంటారు. బస్తీలో ఆరోగ్యం మీద పనిచేస్తానంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. జైల్లో ఉన్న స్త్రీల ఆరోగ్యం మీద పనిచేస్తానంటే మాత్రం ఇంట్లోవాళ్ళ నుంచి కాలేజీ ఆఫీసు దాకా అందరిదీ ఒకటే ప్రశ్న: 'ఆడపిల్లవి, నీకక్కడ ఏం పని?' మన సంస్థల్లోనూ కొందరు ఇదే మాటను కొంచెం మర్యాదగా అడుగుతారు, 'నాలుగు వారాల్లో ఆ పిల్ల అక్కడ ఏం మార్చగలదు?' అని.

ఈ రెండు ప్రశ్నలకూ నా జవాబు ఒకటే. బస్తీ ఆరోగ్యాన్నీ జైలు ఆరోగ్యాన్నీ ప్రభుత్వం రెండు వేర్వేరు శాఖల ఫైళ్ళలో పెట్టింది. కానీ ఆ రెండు చోట్లా ఉన్న స్త్రీ ఒకతే. బస్తీలో ఆమెను ఎరిగిన ఆశా కార్యకర్తకు జైల్లోకి ప్రవేశం లేదు. జైల్లో ఆమెను చూసే డాక్టరుకు ఆమె ఇల్లు తెలీదు. కోర్టులో ఆమె తరఫున నిలబడే వకీలుకు ఆమె జబ్బు తెలీదు. ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళిన విద్యార్థినికి ఈ మూడు చోట్లా తిరిగే వీలు దొరుకుతుంది. ఆ వీలును ఒక సర్టిఫికెట్‌తో ముగించకుండా హక్కుల పనిగా ఎలా మలచాలన్నదే మనం ఆలోచించవలసిన విషయం.

గత ఏడాది నా విద్యార్థిని ఒకామె ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ చేసింది. మొదటి నాలుగు వారాలు ఒక పట్టణం అంచున ఉన్న బస్తీలో, ఆశా కార్యకర్త వెంట. తర్వాతి నాలుగు వారాలు అదే జిల్లాలోని జైలులో, స్త్రీల విభాగంలో. ఆ ఊరి పేరూ జైలు పేరూ ఇక్కడ రాయడం లేదు. ఆమెతో మాట్లాడిన స్త్రీలలో కొందరు ఇంకా అక్కడే ఉన్నారు.

బస్తీలో ఆమె నేర్చుకున్నది మనలో చాలామందికి తెలిసిందే. రక్తహీనత, తెల్లబట్ట, నడుంనొప్పి, ముప్ఫయి అయిదేళ్ళు నిండకుండానే గర్భసంచి తీయించుకున్న స్త్రీలు. 2015-16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది ఉన్నారు. ఏం తీశారని అడిగితే 'ఆపరేషన్ అయింది' అంటారు తప్ప, ఏది తీశారో ఏది ఉంచారో చెప్పగలిగినవాళ్ళు తక్కువ. కాగితాలు ఆసుపత్రిలోనే ఉండిపోతాయి. స్త్రీలు తమ శరీరం గురించి తాము తెలుసుకోవాలని 1991లో హైదరాబాదులో కొందరు కలిసి 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చారు. అప్పటి సందేహాల్లో చాలా భాగం ఇప్పటికీ ఆ బస్తీలో జవాబు లేకుండానే ఉన్నాయి.

అక్కడే ఆమె కల్లు కాంపౌండు గురించి కూడా తెలుసుకుంది. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు సాయంత్రం ఒక సీసా తాగుతారు. అది తాటిచెట్టు నుంచి దిగిన కల్లు కాదు. క్లోరల్ హైడ్రేటు, డైజెపామ్, అల్ప్రాజొలామ్ వంటి మత్తుమందులు కలిపిన నీళ్ళు. ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనపడతాయి, మూర్ఛలు వస్తాయి. 2015లో తెలంగాణలో కల్తీకల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో ఈ లక్షణాలతో జనం ఆసుపత్రులకు బారులు కట్టారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు.

తర్వాత ఆమె జైలుకు వెళ్ళింది. రెండో రోజున ఒక కొత్త విచారణ ఖైదీని చూసింది. ఆ స్త్రీ రాత్రంతా గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెట్టిందట. తోటి ఖైదీలు పిచ్చిదన్నారు. నాటకం అన్నది ఒక వార్డరు. ఇంకో పెద్ద వయసు వార్డరు 'కల్లు లేక అట్లయితుంది, రెండు దినాలైతే తగ్గుతది' అన్నది. ఆమె అన్నది నిజమే. కానీ ఆ నిజం ఏ రిజిస్టర్లోనూ లేదు. లోపలికి వచ్చిన రోజు వైద్య పరీక్ష కాగితం మీద 'సాధారణం' అని ఉంది. కల్లు అలవాటు ఉందా అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ రాత్రి మందు ఇచ్చి ఉండేవాళ్ళు. ఇలాంటి మానుడు మూర్ఛల్లో ప్రాణం పోవచ్చు. బస్తీలో నాలుగు వారాలు తిరిగి వచ్చిన పిల్ల ఆ ప్రశ్నను మరుసటి రోజు నుంచి కొత్తగా వచ్చిన ప్రతి స్త్రీనీ అడిగి, డాక్టరుకు చెప్పడం మొదలుపెట్టింది. జైలు డాక్టరు దాన్ని కాదనలేదు. ఆయనకు అంతవరకూ ఆ సమాచారం తెచ్చి ఇచ్చేవాళ్ళు లేరు.

ఇంకో స్త్రీ క్షయకు మందులు వాడుతోంది. ఆరు నెలల వైద్యంలో రెండు నెలలు పూర్తయ్యాయి. పోలీసులు ఇంటినుంచి తీసుకుపోయినప్పుడు కట్టుబట్టలతో వెళ్ళింది. 'బిడ్డా, నా గోళీలు ఇంట్ల రేకు డబ్బల ఉన్నయి, ఎవలన్న తెచ్చిస్తరా?' అని మా విద్యార్థినిని అడిగేటప్పటికి పదకొండు రోజులు గడిచాయి. ఆ పదకొండు రోజులూ బస్తీలో ఆశా కార్యకర్త ఆమె ఇంటికి తిరిగి, తాళం చూసి వెనక్కి వెళ్ళింది. ఆమె కార్డులో 'ఊళ్ళో లేదు' అని రాసుకుంది. జైలు రిజిస్టర్లో ఆమెకు క్షయ ఉన్నట్టే లేదు. క్షయ మందులు మధ్యలో ఆపితే జబ్బు ముదిరి మందులకు లొంగకుండా పోతుందని ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీదా రాసి ఉంటుంది. ఇంటికీ జైలుకూ మధ్య దూరం ఏడు కిలోమీటర్లు. మందులు మళ్ళీ మొదలయ్యాయి. మూడు వారాల తర్వాత ఆమెకు బెయిలు వచ్చింది. చీకటి పడ్డాక గేటు బయటికి పంపారు. చేతిలో మందులు లేవు, చీటీ లేదు. లోపలికి వచ్చేటప్పుడు తెగిన వైద్యం బయటికి వెళ్ళేటప్పుడు మరోసారి తెగింది.

ఈ రెండు సంఘటనల్లో క్రూరులెవరూ లేరని గమనించండి. ఆశా కార్యకర్త తన పని చేసింది. డాక్టరు పిలిస్తే వచ్చాడు. వార్డరుకు అనుభవం ఉంది. లేనిదల్లా ఒకరికి తెలిసింది ఇంకొకరికి చేరే దారి. ఎవరి తప్పూ కాకుండా మనుషులు నష్టపోయే ఏర్పాటును సామాజికశాస్త్రంలో సంస్థాగత హింస అంటాం. ఇందులో ముందు నలిగేది స్త్రీలు. ఎందుకంటే జైలు మగవాళ్ళ కోసం కట్టింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే వాళ్ళలో స్త్రీలు 23,772 మంది. అంటే నూటికి నలుగురు. చంచల్‌గూడ, రాజమండ్రి, కడపల వంటి ప్రత్యేక మహిళా జైళ్ళు కొన్నే. మిగిలిన చోట్ల స్త్రీల విభాగమంటే మగవాళ్ళ జైల్లో ఒక మూల గోడ కట్టిన ఆవరణ. అక్కడికి స్త్రీల వైద్యురాలు రావడం అరుదు. ఆసుపత్రికి తీసుకుపోవాలంటే ఎస్కార్టు పోలీసులు కావాలి, అందులో ఆడ కానిస్టేబులు ఉండాలి. బందోబస్తు ఉన్న రోజున ఎస్కార్టు దొరకదు. అపాయింటుమెంటు తేదీ దాటిపోతుంది. రక్తస్రావం మాత్రం ఆగదు.

ఆ లెక్కల్లోనే ఇంకో అంకె ఉంది. ఆ 23,772 మందిలో 1,537 మంది స్త్రీలు తమ పిల్లలతో లోపల ఉన్నారు. ఆ పిల్లలు 1,764 మంది. దేశంలోని మొత్తం ఖైదీల్లో నూటికి డెబ్బయి అయిదు మందికి పైగా విచారణ ఖైదీలే. నేరం రుజువు కాని వాళ్ళు. కోర్టు వెయ్యని శిక్షను వాళ్ళ ఆరోగ్యం అనుభవిస్తోంది.

చట్టం ఏమంటోందో చూద్దాం. 1894 నాటి ప్రిజన్స్ చట్టం జైలుకు వచ్చిన ఖైదీకి వైద్య పరీక్ష జరగాలన్నది గానీ, స్త్రీల విషయంలో ఆ పనిని డాక్టరు ఆదేశాల మీద మేట్రన్ చేయాలని రాసింది. ఈ ధోరణి మీద తర్వాత చాలా మాటలు వచ్చాయి. మహిళా ఖైదీల పరిస్థితిని జస్టిస్ కృష్ణయ్యర్ కమిటీ 1980లలోనే పరిశీలించి నివేదిక ఇచ్చింది. మన రాష్ట్రం పేరుతోనే ఉన్న ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పిన మాటలు మనం ప్రతి శిక్షణలోనూ చదివి వినిపించవలసినవి. గర్భిణిని జైలుకు పంపే ముందు అక్కడ కాన్పుకూ, ముందూ వెనకా వైద్యానికీ కనీస సౌకర్యాలు ఉన్నాయో లేదో చూడాలి. వీలైనంతవరకు కాన్పు జైలు బయట ఆసుపత్రిలో జరగాలి. బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలు అని రాయకూడదు. ఆరేళ్ళ వరకూ బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చు. 2010లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు ఇంకో అడుగు వేసి, బయట సమాజంలో దొరికే వైద్యంతో సమానమైన వైద్యం లోపల స్త్రీలకు అందాలనీ, స్త్రీ డాక్టరును అడిగే హక్కు వాళ్ళకు ఉందనీ, బహిష్టు గుడ్డలు ఉచితంగా ఇవ్వాలనీ చెప్పాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి తన జైల్లో మానసిక వ్యాధిగ్రస్తులు లేరని సమీక్షా బోర్డుకు రాసి ఇవ్వాలి. మా విద్యార్థిని చూసిన కల్లు వణుకు స్త్రీ ఆ నివేదికలో ఏ గడిలోకి వస్తుంది?

ఇంత కాగితం ఉన్నా 2020 జూన్‌లో, కోవిడ్ కాలంలో, గర్భవతి అయిన ఒక విద్యార్థి ఉద్యమకారిణి బెయిలు అడిగినప్పుడు ఢిల్లీ హైకోర్టులో పోలీసులు ఇచ్చిన జవాబు ఏమిటి? గత పదేళ్ళలో ఢిల్లీ జైళ్ళలో 39 కాన్పులు జరిగాయి కనక గర్భం ప్రత్యేక కారణం కాదు అని. చివరికి మానవతా దృష్టితో ఆమెకు బెయిలు వచ్చింది. కానీ ఆ 39 మంది తల్లుల ఊసు ఆ వాదనలో ఒక అంకెగానే మిగిలిపోయింది.

విద్యార్థినికి జైల్లో ఏం పని అని అడిగేవాళ్ళకు ఒక చరిత్ర గుర్తు చెయ్యాలి. 1982లో పత్రికా రచయిత్రి షీలా బర్సే బొంబాయి సెంట్రల్ జైల్లో పదిహేను మంది స్త్రీలతో మాట్లాడి, పోలీసు లాకప్‌లో వాళ్ళలో కొందరిని కొట్టారని సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. కోర్టు నిజానిజాలు తెలుసుకోవడానికి పోలీసు అధికారిని పంపలేదు. నిర్మలా నికేతన్ సోషల్ వర్క్ కాలేజీ డైరెక్టరును జైలుకు వెళ్ళి స్త్రీలతో మాట్లాడి నివేదిక ఇవ్వమంది. స్త్రీలకు వేరే లాకప్‌లు, ఆడ పోలీసుల సమక్షంలోనే విచారణ వంటి ఆదేశాలు ఆ తీర్పులోంచి వచ్చాయి. 1990లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 'ప్రయాస్' అనే క్షేత్ర కార్యక్రమాన్ని మొదలుపెట్టి జైళ్ళలో సోషల్ వర్కర్లు నిలకడగా పనిచేసే దారి వేసింది. కనక చదువుకునే ఆడపిల్ల జైలు గేటు దాటడం వింత కాదు. మనం దాన్ని వింతగా ఉంచుకున్నాం.

అయితే గేటు దాటగానే ఒక చిక్కు మొదలవుతుంది. జైలు డాక్టరుకు ఇద్దరు యజమానులు. ఒకరు రోగి, ఒకరు జైలు సూపరింటెండెంటు. విద్యార్థినికి ముగ్గురు: స్త్రీలు, జైలు, కాలేజీ. మా విద్యార్థిని మూడో వారంలో ఉండగా ఆమె నోటుబుక్కు చూపించమని అడిగారు. ఎవరెవరు ఏం చెబుతున్నారో తెలుసుకోవడం భద్రత కోసమన్నారు. ఆ నోటుబుక్కులో ఒక స్త్రీ తన అబార్షన్ గురించి చెప్పింది ఉంది. ఇంకొకామె లాకప్‌లో తనకు తగిలిన దెబ్బల గురించి చెప్పింది ఉంది. అదృష్టవశాత్తూ ఆమె పేర్లు రాయలేదు. నీళ్ళు, మరుగుదొడ్లు, మందుల కొరత గురించి రెండు పేజీల నివేదిక రాసిచ్చి, స్త్రీలు చెప్పిన మాటలు మాత్రం వాళ్ళవేనని, వాళ్ళ అనుమతి లేకుండా ఇవ్వలేనని మర్యాదగా చెప్పింది. ఆమెను ఎవరూ తిట్టలేదు. నాలుగో వారానికి అనుమతి మాత్రం పొడిగించలేదు. క్షయ ఉన్న స్త్రీ చేతిలో మందులు లేకుండా విడుదలైంది ఆ వారంలోనే.

ఈ విషయం మీద మన సంస్థల్లో రెండు అభిప్రాయాలు ఉన్నాయని నాకు తెలుసు. నోటుబుక్కు చూపించి ఉంటే పని ఆగేది కాదు, మందులు దక్కేవి అని ఒక వాదన. తేలిగ్గా తీసిపారెయ్యవలసిన వాదన కాదిది. నిజంగానే ఒక స్త్రీ దాని ఖరీదు చెల్లించింది. కానీ రెండో వైపు చూడండి. జైల్లో స్త్రీ నోరు విప్పి తన శరీరం గురించి చెప్పుకోవడానికి ఒకే ఒక షరతు, ఆ మాట గోడల మధ్య తిరగదన్న నమ్మకం. ఆ నమ్మకం పోయిన రోజున కల్లు గురించి అడిగితే 'నాకు అలవాటు లేదమ్మా' అంటుంది. తెల్లబట్ట గురించి అడిగితే 'ఏం లేదు' అంటుంది. దెబ్బల గురించి అడిగితే 'జారి పడ్డాను' అంటుంది. అప్పుడు వైద్యం కూడా జరగదు. రోగి చెప్పింది గోప్యంగా ఉండాలని 2015 నాటి నెల్సన్ మండేలా నియమాలు కూడా చెబుతున్నాయి. గోప్యతకూ వైద్యానికీ పోటీ పెట్టే పరిస్థితిలో ఇరవై రెండేళ్ళ పిల్లను ఒంటరిగా నిలబెట్టకూడదు. ఆ షరతులు ఆమె గేటు దాటక ముందే, కాలేజీకీ జైలుకూ మధ్య కాగితం మీద తేలిపోవాలి.

వైద్యం కాగితాలకు ఇంకో విలువ కూడా ఉంది. స్త్రీలకు, జబ్బుపడ్డవాళ్ళకు బెయిలు ఇవ్వడానికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో ఉన్న వెసులుబాటును 2023 నాటి నాగరిక సురక్షా సంహిత కూడా ఉంచింది. కానీ జబ్బు ఉన్నట్టు కోర్టుకు చూపించాలి. వరవరరావుకు 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు వైద్య కారణాలతో బెయిలు ఇచ్చిందంటే దాని వెనక వకీళ్ళు, ఆసుపత్రి రికార్డులు, దేశమంతా ఎరిగిన పేరు ఉన్నాయి. అంత పేరు ఉన్న మనిషికే ఏళ్ళు పట్టింది. కట్టుబట్టలతో వచ్చిన బస్తీ స్త్రీకి ఉన్న రికార్డల్లా 'సాధారణం' అన్న ఒక్క మాట. ఆ మాటను నిజంతో నింపడం వైద్యమూ అవుతుంది, న్యాయ సహాయమూ అవుతుంది.

అందుకే ఈ సంచిక నుంచి మనం కొన్ని కోరికలను స్పష్టంగా ముందుకు పెడుతున్నాం.

మొదటిది, జైలు వైద్యాన్ని హోంశాఖ కిందనుంచి తీసి ఆరోగ్యశాఖకు అప్పగించాలి. నార్వే 1988లో, ఫ్రాన్సు 1994లో ఈ పని చేశాయి. ఇంగ్లండులో 2006 నాటికి పూర్తయింది. మన రాజ్యాంగంలో జైళ్ళూ, ప్రజారోగ్యమూ రెండూ రాష్ట్ర జాబితాలోనే ఉన్నాయి. హైదరాబాదులో, అమరావతిలో కూర్చున్నవాళ్ళు ఢిల్లీని అడగవలసిన పని లేదు.

రెండోది, జైలు ఉన్న ప్రాంతపు ఆరోగ్య కేంద్రం పరిధిలోకి స్త్రీల బ్యారక్ కూడా రావాలి. ఏఎన్ఎమ్ వారానికోసారి లోపలికి వెళ్ళాలి. వచ్చిన రోజున అడిగే ప్రశ్నల్లో కల్లు, క్షయ, సుగరు, గర్భం, జరిగిన ఆపరేషన్లు, వాడుతున్న మందులు ఉండాలి. ఆ ప్రశ్నలు స్త్రీయే అడగాలి.

మూడోది, విడుదలయ్యే ప్రతి స్త్రీ చేతిలో కనీసం పదిహేను రోజుల మందులు, ఒక వైద్య చీటీ, ఆమె ఒప్పుకుంటే ఆమె ఊరి ఆశా కార్యకర్తకు ఒక కబురు ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు.

నాలుగోది విశ్వవిద్యాలయాలకు. ఇంటర్న్‌షిప్‌ను నాలుగు వారాల సందర్శనగా కాక, ఒక విద్యార్థిని వెళ్ళేటప్పటికి ఇంకొకరు అందుకునే వరసగా ఏర్పాటు చెయ్యండి. జైల్లో స్త్రీలు ఎవరి ప్రాజెక్టు రిపోర్టుకూ ముడిసరుకు కారు. కథ చెప్పిన ప్రతిసారీ వాళ్ళు ఏదో ఒకటి జరుగుతుందని ఆశపడతారు. గోప్యత ఒప్పందం, ప్రతివారం మాట్లాడే పర్యవేక్షకురాలు, దారి ఖర్చులకు భత్యం లేకుండా విద్యార్థినిని పంపకండి. భత్యం లేకపోతే జైలుకు వెళ్ళగలిగేది ఉన్నవాళ్ళ పిల్లలే. బస్తీ నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లకే కల్లు వణుకు మొదటి చూపులో తెలుస్తుంది.

అయిదోది మనకు. బస్తీల్లో, సంఘాల్లో స్త్రీల ఆరోగ్యం మీద మనం ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాం. మన సంఘం సభ్యురాలు అరెస్టయితే ఆ రోజునుంచే ఆమె మన లెక్కలోంచి జారిపోతోంది. 'కేసులో ఇరుక్కుంది' అన్న మాటతో ఇరుగుపొరుగు తప్పుకున్నట్టే మనమూ తప్పుకుంటున్నాం. ఇకనుంచి ప్రతి సంఘం రిజిస్టర్లో ఒక గడి పెట్టుకుందాం: మన ఊరి స్త్రీలలో ఎవరు లోపల ఉన్నారు, ఏ మందులు వాడుతున్నారు, ఎవరు ములాఖత్‌కు వెళ్తున్నారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆ రిజిస్టరుతో కలుద్దాం.

వచ్చే వేసవికి ఇద్దరు విద్యార్థినులు ఇప్పటికే నాకు ఉత్తరం రాశారు. వాళ్ళను తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న బస్తీ సంఘాలు, జైలు న్యాయ సహాయ బృందాలు ఈ సంచిక అందిన నెలలోగా మా కార్యాలయానికి తెలియజేయండి. గోప్యత ఒప్పందం నమూనాను మేం పంపుతాం. అందులో మార్పులు సూచించండి, మీ జిల్లాలో ఏం వీలవుతుందో ఏం కాదో రాయండి. పని అక్కడినుంచి మొదలుపెడదాం.